తలసరి ఆదాయము: రెండు దేశముల లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలోని ఉపన్యాస పాఠము)



ఆయవ్యయముల లెక్క రాజ్యమునకు ప్రాణమని మన పెద్దలు ఏనాడో గ్రహించియున్నారు. సభాపర్వమున నారదమహర్షి ధర్మరాజును కుశలమడుగుచు, గణకులు ప్రతిదినము ప్రొద్దుటిపూటనే ఆయవ్యయములను నివేదించుచున్నారా యని ప్రశ్నించెను. ఖర్చు ఆదాయములో ఎన్నవ వంతులో నిలుచుచున్నదనియు అడిగెను. కౌటిల్యుని అర్థశాస్త్రమున గోపుడను ఉద్యోగి కలడు. ఐదు గాని పది గాని గ్రామములకు అతడే లెక్కగాడు. పొలముల ఎల్లలు, ఇండ్ల సంఖ్య, కర్షకులెందరు, గోపాలకులెందరు, వర్తకులెందరు, ఒక్కొక్క కుటుంబపు వృత్తి యేమి, రాబడి యేమి, ఖర్చేమి అని వ్రాసియుంచుట అతని విధి. నేడు జాతీయాదాయ గణన యనబడునది ఆ గోపుని చిట్టాయే పెద్దదై దేశమంత విస్తరించినదని చెప్పవచ్చును.

అయితే ఆ చిట్టాను చదువుట అందరికిని రాదు. పత్రికలలో నొకనాడు ఫలాని దేశము మనలను మించిపోయినదని వార్త వచ్చును. మరునాడు మన రాష్ట్రమే అగ్రస్థానమున నున్నదని ప్రకటన వచ్చును. ఆ అంకెలను చూపి ఓట్లడుగుదురు. ఆ అంకెలను నమ్మియే యువకులు ఊరు విడిచి పరదేశమునకు పోవుచున్నారు. కనుక తలసరి ఆదాయమనగా నేమో, దానితో రెండు దేశములను పోల్చుటెట్లో, ఆ పోలికలో మోసపోకుండుటెట్లో తెలిసికొనుట పండితులకు వదలివేయదగిన పనికాదు. ఇందులకు భారతదేశమును చైనాను ఉదాహరణముగా గైకొందము. రెండును ప్రాచీన దేశములు, రెండును జనసమృద్ధములు. మనకు 1947లో స్వాతంత్ర్యము వచ్చినది. చైనాలో 1949లో క్రొత్త ప్రభుత్వమేర్పడినది. ఇరువురును పేదరికముతోనే ప్రయాణము మొదలిడిరి.

మొదట జాతీయాదాయమనగా నేమో బోధను చెరకుతోనే చెప్పుకొందము. రైతు ఒక క్వింటాలు చెరకును 340 రూపాయలకు అమ్మినాడనుకొందము. కార్ఖానా దానిని ఆడించి, చక్కెరయు మడ్డియు కలిపి 440 రూపాయల సరకు చేసినదనుకొందము. ఈ రెండింటిని కూడి 780 రూపాయల ఆదాయము వచ్చినదనుట తప్పు. ఆ 440లో చెరకు వెల 340 ఇమిడియే యున్నది. రైతు పుట్టించినది 340. కార్ఖానా పైన చేర్చినది 100. దేశమునకు వచ్చినది 440 మాత్రమే. ఈ విధముగా ప్రతి పనియందును క్రొత్తగా చేరిన విలువను మాత్రమే ఏరి, సంవత్సరమునకు మొత్తము కట్టి, జనసంఖ్యచేత భాగించినచో తలసరి లెక్క వచ్చును. సూత్రమింతియే. చిక్కంతయు దానిని ప్రయోగించుటలో నున్నది.

మన దేశమున ఈ లెక్కకు ఆద్యుడు దాదాభాయి నౌరోజీ. 1867–68 ప్రాంతమున భారతీయుని తలసరి ఆదాయము ఏడాదికి 20 రూపాయలని ఆయన లెక్కకట్టెను. చెరసాలలో ఖైదీకగు తిండిబట్టల ఖర్చును దాని ప్రక్కన నిలిపి, నేరము చేయని రైతుకు ఖైదీపాటి బత్తెమైనను లేదని చూపెను. తెల్లదొరలకు ఏ ఉపన్యాసముకన్నను ఆ రెండు అంకెలే ఎక్కువ బాధ కలిగించెను. తరువాత వి. కె. ఆర్. వి. రావుగారు 1931–32 సంవత్సరమునకు బ్రిటిషిండియా తలసరిని 62 రూపాయలని నిర్ణయించిరి. మంజీరపై నవాబ్ అలీ నవాజ్ జంగ్ కట్టించిన నిజాంసాగరము పూర్తియైనదియు 1931లోనే. కాని ఆ నీటితో పండిన మన పొలముల పంట రావుగారి లెక్కలోనికి రాలేదు; ఇందూరు నిజాం రాజ్యములోనిది, లెక్క బ్రిటిషిండియాకు చెందినది. స్వాతంత్ర్యానంతరము 1949లో మహలనోబిస్ అధ్యక్షతన గాడ్గిల్, రావు పండితులతో జాతీయాదాయ సంఘమేర్పడినది. ఆ సంఘము 1948–49కి తలసరి 255 రూపాయలని మొదట చెప్పి, 1954 నాటి తుది నివేదికలో దానిని సుమారు 247కు సవరించెను. సవరించుట సిగ్గుచేటని తలపక, మంచి ఆధారము దొరికినపుడు అంకెను దిద్దుట లెక్కగానికి భూషణము.

ఇక రెండు దేశముల అంకెలను చూతము. ప్రపంచ బ్యాంకు లెక్కల ప్రకారము, ఆనాటి డాలర్లలో తలసరి ఉత్పత్తి ఇంచుమించుగా ఇట్లున్నది:

1960లో భారతము 80 పైచిలుకు, చైనా 90.
1980లో భారతము 270, చైనా 195.
1990లో భారతము 370, చైనా 320.
2000లో భారతము 440, చైనా 960.
2010లో భారతము 1,350, చైనా 4,550.
2023లో భారతము 2,500, చైనా 12,600.

1980లోను 1990లోను మనది కొంత పైచేయిగనే కనబడుచున్నది. 2023 నాటికి చైనా మనకు ఐదు రెట్లు. ఈ అంకెలు అబద్ధములు కావు. కాని కొలచిన కుంచమేదో తెలియక ధాన్యరాశి ఎంతయో చెప్పుట సాధ్యము కాదు. ఇచట మూడు కుంచములను పరీక్షింపవలసియున్నది.

మొదటిది ధరల కుంచము. ఆదాయము రెట్టింపై, బియ్యము ధరయు రెట్టింపైనచో బ్రతుకు ముందుకు కదలలేదు. కనుక ఒక సంవత్సరపు ధరలను స్థిరముగా నుంచుకొని ఆ ధరలతోనే అన్ని యేండ్ల ఉత్పత్తిని వెలకట్టుదురు. దానికి ఆధార సంవత్సరమని పేరు. మన దేశమున 2015 జనవరిలో ఆధార సంవత్సరమును 2004–05 నుండి 2011–12కు మార్చిరి. ఆధారము మారినపుడు పాత అంకెను క్రొత్త అంకె ప్రక్కన పెట్టి పోల్చరాదు. చెరకు రైతుకు ఇది క్రొత్త సంగతి కాదు. 2017–18లో కేంద్ర ప్రభుత్వము చెరకు క్వింటాలుకు 255 రూపాయలుగను, 2018–19లో 275 రూపాయలుగను ధర నిర్ణయించెను. చూచుటకు 20 రూపాయలు పెరిగినది. కాని మొదటి ధర నూటికి తొమ్మిదిన్నర పాళ్లు చక్కెర దిగు చెరకునకు. రెండవది నూటికి పది పాళ్లు దిగు చెరకునకు. తొమ్మిదిన్నర పాళ్ల చెరకునకే 2018–19లో వచ్చు ధర 261 రూపాయల 25 పైసలు. అనగా అదే చెరకునకు అసలు పెరుగుదల 6 రూపాయల 25 పైసలు మాత్రమే. కొలత మారిన సంగతి గమనింపనివాడు 20 రూపాయలని సంతోషించును. గమనించినవాడు ఆరుంబావు అని గ్రహించును. దేశముల లెక్కలయందును ఇదే మెలకువ కావలెను.

రెండవది మారకపు కుంచము. డాలరు ధర మారినపుడు మన ఆదాయము డాలర్లలో పెరుగును, తరుగును. 1966 జూన్‌లో రూపాయి విలువను తగ్గించినపుడు డాలరు వెల 4 రూపాయల 76 పైసల నుండి 7 రూపాయల 50 పైసలకు ఎక్కినది. ఆ రాత్రికి రాత్రి మన తలసరి డాలర్లలో మూడవ వంతుకు పైగా తగ్గిపోయినది. కాని శక్కర్‌నగర్ కార్ఖానాలో ఒక బస్తా చక్కెరయైనను కరగిపోలేదు. చైనాలోను 1980లో డాలరునకు ఒకటిన్నర యువానులుండగా, 1994లో ఎనిమిదిన్నర దాటినది. కనుక చైనా నిజముగా ఎదుగుచున్న ఆ కాలమున డాలరు అంకె దాని ఎదుగుదలను తక్కువగా చూపినది.

మూడవది కొనుగోలు శక్తి కుంచము. క్షవరము, కూలి, కూరగాయలు, ఇంటి అద్దె అమెరికాలోకంటె మన దేశమున మిక్కిలి చవుక. ఒక డాలరును మార్చి తెచ్చుకొన్న రూపాయలు న్యూయార్కులో కంటె నిజామాబాదులో ఎక్కువ సరకును కొనును. ఈ తేడాను సరిదిద్ది లెక్కించినచో 2023లో మన తలసరి సుమారు 10,000 డాలర్లకును, చైనాది 24,000 పైచిలుకునకును వచ్చును. ఐదు రెట్ల అంతరము రెండున్నర రెట్లకు దిగినది. బ్రతుకుతెరువును పోల్చుటకు ఈ కుంచము మేలు. విదేశమునుండి చమురో యంత్రమో కొనవలసివచ్చినపుడు డాలరు కుంచమే గతి. ఏ కుంచము వాడినను చైనా ముందున్నదనుట మాత్రము నిజము. ఆ నిజమును కప్పిపుచ్చుట వలన లాభము లేదు.

మరి ఆ అంతరమెట్లు వచ్చినది? చక్రవడ్డీ నెరిగిన పల్లెవారికి సులభముగా తెలియును. వడ్డీ రేటుతో 70ని భాగించినచో అసలు రెట్టింపగుటకు పట్టు సంవత్సరములు వచ్చును. 1950 మొదలు 1980 వరకు మన జాతీయోత్పత్తి ఏటా నూటికి సుమారు మూడున్నర వంతున పెరిగినది. జనము రెండు వంతులకు పైగా పెరిగినది. తలకు మిగిలినది ఒకటిన్నర వంతుకు లోపు. ఆ నడకతో ఆదాయము రెట్టింపగుటకు ఏబది యేండ్లు పట్టును. 1991 సంస్కరణల తరువాత మన తలసరి ఏటా నాలుగు, నాలుగున్నర వంతుల వేగమందుకొన్నది. అదే కాలమున చైనా వేగము ఇంచుమించు ఎనిమిది వంతులు. నాలుగు వంతులకును ఎనిమిది వంతులకును భేదము చిన్నదిగా తోచును. కాని నూరు రూపాయలు నాలుగు వంతున 35 యేండ్లలో సుమారు నాలుగు నూరులగును. ఎనిమిది వంతున సుమారు పదునైదు నూరులగును. ఒకే చోట బయలుదేరిన ఇరువురిలో ఒకడు రెండవవానికి దాదాపు నాలుగు రెట్లగుట ఇట్లు. అద్భుతమేమియు లేదు, ఓపికగా నడచిన వడ్డీయే.

ఆ వేగమునకు కారణములు పలువురు పలు తీరుల చెప్పుదురు. పల్లెకు సంబంధించినవి మూడు కారణములు ముఖ్యములు.

మొదటిది అక్షరము, ఆరోగ్యము. చైనాలో 1982 జనగణన నాటికి వయోజనులలో నూటికి 65 మంది చదువనేర్చియుండిరి. మన దేశమున 1981లో నూటికి 41 మంది మాత్రమే. 1980 ప్రాంతమున మన సగటు ఆయుర్దాయము 54 యేండ్లు. వారిది 64 దాటినది. ఆనాడు ఆదాయములో వారికంటె మనమే కొంత పైనున్నట్లు అంకెలు చెప్పుచుండెను. కాని చేను దున్ని ఎరువు వేసినవాడు వారు. వాన వచ్చినపుడు పంట ఎవరికి పండునో చెప్పనక్కరలేదు.

రెండవది సేద్యము. 1978 చివర ఆన్‌హ్వేయి రాష్ట్రములోని సియావోగాంగ్ అను పల్లెలో 18 మంది రైతులు, సమష్టి పొలమును ఇంటింటికి పంచుకొని, ప్రభుత్వమునకు ఇయ్యవలసిన భాగమిచ్చి మిగిలినది తామనుభవింతుమని రహస్యముగా కాగితము వ్రాసి వ్రేలిముద్రలు వేసిరి. పట్టుబడినచో చెరసాలయే. కాని పంట పండినది. ప్రభుత్వమును ఆ మార్గమునే అనుసరించినది. 1978లో 30 కోట్ల టన్నులకు కొంచెము మించిన చైనా ధాన్యోత్పత్తి 1984 నాటికి 40 కోట్ల టన్నులు దాటినది. రైతు చేతిలో డబ్బు మిగిలినది. ఆ డబ్బుతో పల్లెలలోనే చిన్న కార్ఖానాలు వెలసినవి.

మూడవది పొలమునుండి కార్ఖానాకు జరిగిన వలస. మన దేశమున నేటికిని పనిచేయువారిలో నూటికి 45 మంది సేద్యము మీదనే బ్రతుకుచున్నారు. జాతీయోత్పత్తిలో సేద్యపు భాగము నూటికి 18 మాత్రమే. నలుబదియైదుగురు కూర్చున్న పంక్తికి పదునెనిమిది విస్తళ్ల భోజనము! చైనాలో సేద్యమందున్నవారు నూటికి 25 లోపునకు దిగిరి. తక్కినవారు ఎక్కువ విలువ పుట్టు పనులకు పోయిరి. ఆడువారును వారి దేశమున ఎక్కువ సంఖ్యలో బయటి పనిచేయుదురు. పనిచేయు చేతులు పెరిగినచో తలసరియు పెరుగుట సహజము.

అయినను తలసరి ఆదాయము చెప్పని సంగతులు పెక్కు కలవు. చైనాలో 1959 మొదలు 1961 వరకు ఘోరక్షామము సంభవించినది. చనిపోయినవారు కోటిన్నర మొదలు నాలుగు కోట్లకు పైగా అని పండితుల అంచనాలు. పంట బాగున్నదని అధికారులు పంపిన దొంగ లెక్కలను ఖండించు పత్రిక లేదు. ప్రశ్నించు ప్రతిపక్షము లేదు. ధాన్యము కొరతకంటె నిజము కొరత ఎక్కువ మందిని చంపెను. స్వతంత్ర భారతమున కరవులు వచ్చినవి గాని అంతటి మారణము రాలేదు. చనిపోయినవాడు భాగహారమునుండి తొలగిపోవును. తలసరి అంకెలో అతని గొంతు వినబడదు. కనుక వేగము నేర్చుకొనదగినదే. నోరు మూసికొని వేగము కొనుట మాత్రము నేర్చుకొనదగినది కాదు.

సగటున దాగు సంగతులు మన జిల్లాయందును కలవు. తెలంగాణ రాష్ట్రమేర్పడిన 2014–15లో రాష్ట్రపు తలసరి 1,24,104 రూపాయలు. దేశపు తలసరి 86,647. 2023–24 నాటికి రాష్ట్రముది 3 లక్షల 47 వేలు దాటగా, దేశముది లక్షా 84 వేల ప్రాంతమునకు వచ్చినది. గర్వింపదగినదే. కాని అది ఆయా సంవత్సరపు ధరలలో చెప్పిన అంకె. అందులో రంగారెడ్డి, హైదరాబాదు జిల్లాల భాగము మిక్కిలి ఎక్కువ. నిజామాబాదు రాష్ట్రపు సగటుకు దిగువను నిలిచియున్నది. జిల్లా అంకెను పాత అంకెతో పోల్చువారు ఇంకొకటి మరువరాదు. 2016 అక్టోబరులో కామారెడ్డి వేరు జిల్లా యైనది. నిజాంసాగరము అందులోనికి పోయినది. ఎల్ల మారినపుడు లెక్కయు మారును.

బోధను సంగతి మరింత విచారింపదగినది. 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర కార్ఖానా ఆసియాలోనే పెద్దదని పేరొందినది. నిజాంసాగరపు కాలువ, చెరకు తోట, కార్ఖానా, మడ్డినుండి తీయు సారాయము, పిప్పితో మండు బాయిలరు: ఇదంతయు ఒకే చెట్టునకు కొమ్మలు. పొలమునుండి కార్ఖానాకు మనిషి నడచుటకు ఎనిమిది దశాబ్దములకు ముందే మన తాలూకాలో బాట ఏర్పడియుండెను. 2002లో కార్ఖానా ప్రైవేటు భాగస్వామ్యములోనికి పోయి, 2015 డిసెంబరులో మూతపడినది. ఆ మరుసటి యేడు దేశపు తలసరి పెరిగినది. రాష్ట్రపు తలసరి పెరిగినది. రాత్రివేళ ఆ కార్ఖానా కూత వినబడని శక్కర్‌నగర్ లోటు ఆ రెండు అంకెలలో ఎచటను కనబడలేదు. సగటను సముద్రములో ఒక ఊరి కన్నీరు కలసినను ఉప్పు పెరిగినట్లు తెలియదు.

గల్ఫు సంగతియు అట్టిదే. మన పల్లెలనుండి దుబాయి, మస్కటు, సౌదీ పోయి, ఏడాదికి మించి పనిచేయువాని శ్రమ ఆ దేశపు ఉత్పత్తిలో చేరును. అతడు ఇంటికి పంపిన డబ్బు మన జాతీయోత్పత్తిలో చేరదు. విదేశీ చెల్లింపుల పద్దులో వేరుగా వ్రాయుదురు. ఆ డబ్బుతో ఇల్లు కట్టించినపుడు మేస్త్రీ కూలి, ఇటుకబట్టీ వాని లాభము మాత్రము లెక్కకు వచ్చును. కొడుకు ముఖము చూడక ఏండ్లు గడపిన తల్లి ఖర్చు ఏ పద్దులోను లేదు. ఆమె ఇంట వండి వడ్డించిన శ్రమయు లేదు. వేయి బీడీలకు ఇంతయని కూలి పుచ్చుకొను ఆడుబిడ్డ పని లెక్కలో చేరునుగాని, ఆ పొగాకు ధూళికి చెల్లించిన ఆరోగ్యము తీసివేతలో చేరదు.

ఇంత చెప్పుట తలసరి లెక్క పనికిమాలినదని నిరూపించుటకు కాదు. దాదాభాయి చేతిలో ఆ లెక్కయే ఆయుధమైనది. రోగి నాడి చూడక మందిచ్చు వైద్యుడు లేడు. నాడి ఒక్కటే చూచి రోగమంతయు చెప్పు వైద్యుడును లేడు. ఇకమీదట ఎవరైనను తలసరి అంకెను చూపినపుడు నాలుగు ప్రశ్నలు వేయవలెను. ఏ సంవత్సరపు ధరలలో చెప్పుచున్నారు? ఏ మారకముతో కొలచితిరి? ఎల్లలు గాని ఆధారము గాని మధ్యలో మారినవా? సగటుకు దిగువ నెందరున్నారు? ఈ నాలుగింటికి జవాబు చెప్పలేని అంకె వీధి గోడమీది ప్రకటనకంటె ఎక్కువ విలువ చేయదు.

చివరకు ఈ గ్రంథాలయమునకు సంబంధించిన మాట. రెండు దేశముల కథలో డబ్బు తరువాత వచ్చినది. అక్షరము ముందు వచ్చినది. 1980లో చైనా మనకంటె పేదదిగా కనబడినను, దాని పల్లెలలో చదువు వచ్చిన చేతులెక్కువ. ఆ పెట్టుబడికి వడ్డీ రెండు దశాబ్దముల తరువాత అంకెలలో తేలినది. ఇరువదియైదేండ్లుగా ఈ గదిలో పత్రికలు విప్పుచున్న వ్రేళ్లు, పుస్తకముల పద్దులో సంతకము చేయుచున్న బాలికలు, సాయంకాలము దీపము క్రింద ఆగి చదువుచున్న కూలివారు ఏ జాతీయాదాయ నివేదికలోను ఒక రూపాయిగా నైనను కనబడరు. అయినను రాబోవు ముప్పదియేండ్ల లెక్కలో వారే అసలు. ఏడాదికొక క్రొత్త పాఠకుడు చేరినను చాలును. చక్రవడ్డీ తన పని తాను చేయును.

స్వస్తి.